అడ్డు ఎక్కడ పడింది? వైద్య లైసెన్సింగ్ పరీక్షకు మూలశాస్త్రాల రివిజన్

పుట్టి పది రోజులైన మగబిడ్డను ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. రెండు రోజులుగా వాంతులు, పాలు తాగడం లేదు, బాగా నీరసంగా ఉన్నాడు. పుట్టినప్పటికంటే బరువు తగ్గాడు. బీపీ తక్కువ. రక్తంలో సోడియం 121, పొటాషియం 7.2, గ్లూకోజ్ కూడా తక్కువే. జననాంగాలు మామూలుగానే ఉన్నాయి. ఈ బిడ్డ రక్తంలో ఏ పదార్థం పెరిగి ఉంటుంది?

వైద్య లైసెన్సింగ్ పరీక్షలో ప్రశ్న ఇలాగే వస్తుంది. "21-హైడ్రాక్సిలేజ్ లోపంలో ఏది పెరుగుతుంది?" అని సూటిగా అడిగితే, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అని ఠక్కున చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ కేసులో ఆ ఎంజైమ్ పేరే ఉండదు. వాంతుల నుంచి పొటాషియానికి, పొటాషియం నుంచి ఆల్డోస్టిరాన్‌కు, అక్కడి నుంచి ఎంజైమ్‌కు, మళ్లీ ఆ ఎంజైమ్‌కు ముందు పేరుకుపోయే పదార్థానికి మనమే నడుచుకుంటూ వెళ్లాలి. నాలుగు అడుగులు. బట్టీ పట్టిన వాక్యం నాలుగో అడుగు దగ్గర మాత్రమే పనికొస్తుంది.

అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ ఎప్పుడో మొదటి సంవత్సరాల్లో చదివినవి. లైసెన్సింగ్ పరీక్ష నాటికి సగం ఆవిరైపోయి ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. పుస్తకం మొదటి పేజీ తెరిచి, రంగురంగుల హైలైటర్లతో గీసుకుంటూ మళ్లీ మొత్తం చదవడం. ఇన్ని వేల ఫ్యాక్ట్‌లు విడివిడిగా ఎవరి తలలోనూ నిలవవు. వీటిలో పెద్ద భాగం ఒకే బొమ్మకు రకరకాల రూపాలని గుర్తుపడితే భారం చాలా తగ్గుతుంది. ఆ బొమ్మను కాస్త తీరిగ్గా చూద్దాం.

కాలువకు అడ్డుకట్ట

పారుతున్న కాలువకు ఒకచోట అడ్డుకట్ట వేశారనుకోండి. మూడు సంగతులు జరుగుతాయి. ఎగువన నీళ్లు నిలుస్తాయి. దిగువన ఎండుతుంది. నిలిచిన నీరు పక్కన ఏ పిల్లకాలువ దొరికితే దాంట్లోకి పొంగుతుంది. ఏ జబ్బు చదివినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎగువన ఏం పేరుకుంది, దిగువన ఏం కరువైంది, పక్కదారిలోకి ఏం పోయింది?

ముందు మన పసిబిడ్డనే చూద్దాం. అడ్రినల్ గ్రంథిలో కొలెస్టరాల్ నుంచి మూడు పాయలు సాగుతాయి. ఒకటి ఆల్డోస్టిరాన్‌కు, ఒకటి కార్టిసాల్‌కు, ఒకటి ఆండ్రోజెన్లకు. మొదటి రెండు పాయలకూ 21-హైడ్రాక్సిలేజ్ కావాలి, మూడోదానికి అక్కర్లేదు. ఆ ఎంజైమ్ లేకపోతే దిగువన ఆల్డోస్టిరాన్ కరువు. కిడ్నీ సోడియాన్ని పట్టి ఉంచలేదు, పొటాషియాన్ని బయటికి పంపలేదు, బీపీ పడిపోతుంది. కార్టిసాల్ కూడా కరువే, అందుకే గ్లూకోజ్ తగ్గింది. ఎగువన 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పేరుకుంటుంది. పొంగిన నీరంతా ఆండ్రోజెన్ల పాయలోకి మళ్లుతుంది. ఆడబిడ్డ అయితే జననాంగాల్లో తేడా పుట్టగానే కనిపిస్తుంది. మగబిడ్డలో పైకి ఏమీ తెలియదు. అందుకే మగపిల్లలు మామూలుగా ఇంటికెళ్లి, ఒకటి రెండు వారాలకు ఇలా ప్రాణాపాయ స్థితిలో తిరిగొస్తారు. ప్రశ్నలో "జననాంగాలు మామూలుగానే ఉన్నాయి" అన్న మాట దారి తప్పించడానికి పెట్టింది కాదు, అది జబ్బు స్వభావమే.

ఇప్పుడు అడ్డుకట్టను ఒక మెట్టు కిందికి జరపండి. 11-బీటా హైడ్రాక్సిలేజ్ లేదు. ఇక్కడ కూడా కార్టిసాల్ కరువు, ఆండ్రోజెన్లు ఎక్కువ. కానీ ఈసారి ఎగువన పేరుకునేది 11-డీఆక్సీ కార్టికోస్టిరాన్, అది ఆల్డోస్టిరాన్ చేసే పనే చేస్తుంది. కాబట్టి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. ఇక 17-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ దగ్గర అడ్డు పడితే కార్టిసాల్, ఆండ్రోజెన్ పాయలు రెండూ ఎండి నీరంతా ఆల్డోస్టిరాన్ వైపు పాయలోకే పోతుంది. బీపీ ఎక్కువ, సెక్స్ హార్మోన్లు తక్కువ, యవ్వన దశ రాదు. ఈ మూడింటికీ అంకెల చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది: ఎంజైమ్ అంకె 1తో మొదలైతే బీపీ ఎక్కువ, 1తో ముగిస్తే ఆండ్రోజెన్లు ఎక్కువ. చిట్కా నిజమే, పరీక్ష హాల్లో సరిచూసుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ ఇది మాత్రమే తెలిసినవాళ్లు "పొటాషియం ఎందుకు తగ్గింది?" అనే రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

ఈ బొమ్మ ఎంత దూరం పనిచేస్తుందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఫినైల్‌కీటోన్యూరియాలో ఫినైల్‌అలనిన్‌ను టైరోసిన్‌గా మార్చే దారి మూసుకుపోతుంది. ఎగువన ఫినైల్‌అలనిన్ పేరుకుని మెదడు దెబ్బతింటుంది. దిగువన టైరోసిన్ కరువు, కాబట్టి దాన్ని ఆహారంలోనే ఇవ్వాలి. టైరోసిన్ నుంచే మెలనిన్ రావాలి, అందుకే చర్మం, జుట్టు రంగు తగ్గుతాయి. పక్కదారిలో తయారైన ఫినైల్ ఆమ్లాల వల్లే ఒంటికి, మూత్రానికి ఆ ముక్కిపోయిన వాసన. నాలుగు ఫ్యాక్ట్‌లు, ఒక్క అడ్డు.

వాన్ గీర్కే జబ్బులో లివర్ తన గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలే చివరి గేటు, అంటే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్, పనిచేయదు. కాసేపు పాలు అందకపోతే బిడ్డకు గ్లూకోజ్ పడిపోతుంది. లోపల చిక్కుకున్న గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కొంత గ్లైకోజెన్‌గా మారి లివర్ పెరుగుతుంది, కొంత పక్కదారుల్లోకి పొంగి లాక్టేట్, యూరిక్ ఆమ్లం, ట్రైగ్లిజరైడ్‌లు పెరుగుతాయి. మెకార్డిల్ జబ్బులో అడ్డు కండరంలో ఉంటుంది. కండరం తన గ్లైకోజెన్‌ను కరిగించుకోలేదు, వ్యాయామం చేస్తే కండరాలు పట్టేస్తాయి, లాక్టేట్ మాత్రం పెరగదు. రక్తంలో గ్లూకోజ్ మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని చూసుకునేది లివర్. గ్లైకోజెన్ జబ్బుల పట్టికను బట్టీ పట్టి పట్టి విసిగిపోయినవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన గీసి చూడండి.

విటమిన్ బీ12, ఫోలేట్ లోపాల మధ్య తేడా కూడా ఇదే. హోమోసిస్టీన్‌ను మెథియొనిన్‌గా మార్చడానికి రెండూ కావాలి, కాబట్టి ఏది తగ్గినా హోమోసిస్టీన్ పెరుగుతుంది. మిథైల్‌మలోనిక్ ఆమ్లం దారిలో మాత్రం బీ12 ఒక్కటే కాపలాదారు. ఆ ఆమ్లం పెరిగిందంటే లోపం బీ12దే. బీ12 లోపం ఉన్న మనిషికి ఫోలేట్ మాత్రలు ఇస్తే రక్తహీనత సర్దుకుంటుంది, నరాల దెబ్బ మాత్రం లోపల్లోపల ముదురుతూనే ఉంటుంది. పరీక్షలో ఒక మార్కు సంగతి అటుంచితే, ఇది ఒకరు నడవగలగడానికీ నడవలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

మందులు చాలావరకు మనం కావాలని వేసే అడ్డుకట్టలే. ఏసీఈ అనే ఎంజైమ్‌ను ఆపే మందు, ఏసీఈ ఇన్హిబిటర్, వేస్తే దిగువన యాంజియోటెన్సిన్-2 తగ్గుతుంది, బీపీ దిగుతుంది. అదే ఎంజైమ్ బ్రాడికైనిన్‌ను కూడా విరగ్గొట్టాలి. అది ఆగిపోయి బ్రాడికైనిన్ పేరుకుంటుంది, పొడిదగ్గు పట్టుకుంటుంది. యాంజియోటెన్సిన్ రిసెప్టార్ దగ్గర అడ్డుపడే మందులు ఆ ఎంజైమ్ జోలికి పోవు, కాబట్టి వాటితో ఆ దగ్గు బాధ ఉండదు. యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే అలోప్యూరినాల్ తీసుకుంటున్నవాళ్లకు, రోగనిరోధక శక్తిని అణిచే అజాథియోప్రిన్ మామూలు డోసులో ఇస్తే ఎముక మజ్జ ఎందుకు దెబ్బతింటుంది? అజాథియోప్రిన్ నుంచి వచ్చే మెర్కాప్టోప్యూరిన్‌ను పారవేసే దారుల్లో ఒకటి జాంథైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్, అలోప్యూరినాల్ మూసేసింది దాన్నే. మిథనాల్ తాగినవాళ్లలో మాత్రం అడ్డు వేయడమే వైద్యం. విషం మిథనాల్ కంటే దాని దిగువన తయారయ్యే ఫార్మిక్ ఆమ్లంలో ఉంది. అందుకే ఫోమెపిజోల్‌తో మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తారు.

రక్తనాళాలూ, నాళికలూ నిజమైన కాలువలే కనుక అక్కడ ఈ బొమ్మ అక్షరాలా వర్తిస్తుంది. బృహద్ధమని ఎడమ చేతి ధమని దాటాక సన్నబడితే చేతుల్లో బీపీ ఎక్కువ, కాళ్లలో తక్కువ. పక్కటెముకల కింది ధమనులు పక్కదారులై ఉబ్బి ఎముకలను ఒరుస్తాయి, ఎక్స్‌రేలో గాట్లు కనిపిస్తాయి. పిత్తనాళం మూసుకుంటే కాంజుగేటెడ్ బిలిరూబిన్ (లివర్ నీటిలో కరిగేలా మార్చిన పసుపు పదార్థం) వెనక్కి తన్ని రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది, మూత్రం ముదురు రంగు. పేగులోకి చేరదు, మలం పాలిపోతుంది. పిత్తం లేక కొవ్వు అరగదు, కొవ్వుతో పాటే రావాల్సిన విటమిన్ ‘కె’ అందదు, రక్తం గడ్డకట్టే సమయం పెరుగుతుంది. ఇక్కడ విటమిన్ ‘కె’ ఇంజెక్షన్ ఇస్తే అది సరవుతుంది. లివరే చెడిపోయినవాళ్లలో సరవదు, ఎందుకంటే విటమిన్ అందినా గడ్డకట్టే ప్రోటీన్లను తయారుచేసే ఫ్యాక్టరీ లేదు. ఎంత చిన్న పరీక్ష, ఎంత పెద్ద తేడా చెబుతుంది!

దిగువ నుంచి ఎగువకు కబురు

కాలువ బొమ్మకు ఒక పరిమితి ఉంది. మామూలు కాలువలో దిగువన ఎండిపోయిందని ఎగువకు తెలియదు. హార్మోన్లలో తెలుస్తుంది. కార్టిసాల్ తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి కబురు వెళ్లి, అది వదిలే ఏసీటీహెచ్ హార్మోన్ పెరుగుతుంది, అడ్రినల్‌ను ఇంకా గట్టిగా తోస్తుంది. మన పసిబిడ్డలో అడ్రినల్ పెరిగిందీ, ఆండ్రోజెన్లు అంతగా పొంగిందీ ఈ తోపుడు వల్లే.

ఇది పట్టుబడితే ఎండోక్రైన్ ప్రశ్నల్లో చాలావరకు లాజిక్‌తోనే తేలిపోతాయి. అడ్రినలే చెడిపోతే ఏసీటీహెచ్ ఎక్కువ, చర్మం నల్లబడుతుంది, ఆల్డోస్టిరాన్ కూడా పోయింది కనుక పొటాషియం పెరుగుతుంది. చెడిపోయింది పిట్యూటరీ అయితే ఏసీటీహెచ్ తక్కువ, చర్మం నల్లబడదు, పొటాషియం మామూలుగా ఉంటుంది. ఆల్డోస్టిరాన్‌ను ప్రధానంగా నడిపేది రెనిన్, యాంజియోటెన్సిన్ కదా. కుషింగ్ లక్షణాలున్న, అంటే కార్టిసాల్ ఎక్కువైన మనిషిలో అడ్రినల్స్ సైజు చూడండి. పిట్యూటరీ ట్యూమర్ అయితే రెండూ పెరుగుతాయి. ఒక అడ్రినల్‌లో ట్యూమర్ ఉంటే రెండోది కుంచించుకుపోతుంది. బయటి నుంచి స్టిరాయిడ్ మాత్రలు వాడుతుంటే రెండూ కుంచించుకుపోతాయి, అందుకే ఆ మాత్రలను ఒక్కసారిగా ఆపకూడదు.

కారణం దొరకనివి

అన్నిటికీ కారణం దొరుకుతుందని చెబితే అది మోసం. ఏ బ్యాక్టీరియా ఏ రంగు పట్టుకుంటుంది, ఏ జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉంది, మందు పేరు చివర ఏ అక్షరాలు వస్తాయి, ఇవి కంఠతా రావాల్సిందే. వీటికి ఫ్లాష్‌కార్డ్‌లే సరైన పద్ధతి. కార్డు మీద ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు ఉండాలి.

అయినా కార్డు రాసే ముందు ఒక్క నిమిషం ఆగి, సగం కారణమైనా ఉందేమో చూడండి. లింఫోమాల్లో, అంటే లింఫ్ కణాల క్యాన్సర్లలో, 8, 14 క్రోమోజోముల మార్పిడి బర్కిట్‌ది, 14, 18ల మార్పిడి ఫాలిక్యులర్‌ది. రెండింట్లోనూ 14 ఎందుకుంది? బీ కణాలు యాంటీబాడీలు తయారుచేసే కణాలు, వాటి హెవీ చైన్ జన్యువు 14 మీద ఉంది, ఆ కణంలో అది ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. దాని పక్కకు 8 నుంచి కణవిభజనను ఉరికించే మిక్ జన్యువు వస్తే కణితి శరవేగంగా పెరుగుతుంది. 18 నుంచి కణాన్ని చావనివ్వని బీసీఎల్-2 వస్తే కణాలు చావక మెల్లగా పోగవుతాయి. ఇప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండు అంకెలే.

చదివింది తలలో ఉందా, పేజీలోనే ఉందా?

మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఆ అనిపించడమే చిక్కు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పాఠాలిచ్చి, కొన్నింటిని రెండోసారి చదివించారు, కొన్నింటిని చూడకుండా గుర్తున్నంత రాయించారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠాలే నయం: 81 శాతం గుర్తుంది, రాసిన వాటిలో 75. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవి 42 శాతానికి పడిపోయాయి, ఒకసారి చదివి ఒకసారి రాసినవి 56 దగ్గర నిలిచాయి. రాత్రి చదివి పొద్దున పరీక్ష రాసే అలవాటు మనల్ని ఎందుకు మోసం చేస్తుందో ఈ నాలుగు అంకెల్లో ఉంది. లైసెన్సింగ్ పరీక్షకు చదివేది నెలల ముందు నుంచి.

కాబట్టి నేను చెప్పే పని ఒకటే. తెల్లకాగితం తీసుకోండి, పుస్తకం మూసేయండి. అడ్రినల్ పాయలు మూడూ గీయండి. ఒక ఎంజైమ్ మీద అడ్డగీత కొట్టండి. ఎగువ, దిగువ, పక్కదారి, బీపీ, పొటాషియం, ఏసీటీహెచ్ రాయండి. ఎక్కడ చెయ్యి ఆగిందో అది మాత్రమే పుస్తకంలో చూడండి. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులకు ఇంకోసారి, రెండు వారాలకు మరోసారి. మొదటిరోజు ఇరవై నిమిషాలు పట్టింది మూడోసారికి నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఆ మొదటి ఇరవై నిమిషాలు కష్టంగా ఉంటాయి, అక్కడే చాలామంది మళ్లీ హైలైటర్ అందుకుంటారు.

ఎంసీక్యూలు చేసేటప్పుడు కూడా స్కోరు చూసి ముందుకెళ్లిపోకండి. ప్రతి తప్పు ఆప్షన్ దగ్గరా ఆగి, కేసులో ఏది మారిస్తే ఇది కరెక్ట్ అవుతుందని అడగండి. పసిబిడ్డ కేసునే తీసుకోండి. బీపీ ఎక్కువ అని మారిస్తే 11-బీటా హైడ్రాక్సిలేజ్ సరైన జవాబు. జీర్ణాశయం చివరి ద్వారం బిగుసుకుపోయే పైలోరిక్ స్టినోసిస్ జవాబు కావాలంటే? అప్పుడూ వాంతులే, కానీ వయసు మూడు నుంచి ఆరు వారాల మధ్య ఉండాలి, వాంతిలో ఆమ్లం పోయి రక్తం క్షారం వైపు జరగాలి, క్లోరైడ్, పొటాషియం తగ్గాలి. మన బిడ్డ పొటాషియం 7.2 అనే ఒక్క అంకెతో ఆ ఆప్షన్ కొట్టేయొచ్చు. ఒక్క ప్రశ్నను ఇలా విప్పితే నాలుగు ప్రశ్నలు చేసినట్టే. రోజుకు ఎన్ని చేశామన్న లెక్క కంటే ఇలా ఎన్ని విప్పామన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

చివరగా ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా నడిచి చూద్దాం. 19 ఏళ్ల అమ్మాయి, టైప్-1 డయాబెటిస్, రెండు రోజులుగా ఇన్సులిన్ మానేసింది. లోతుగా, వేగంగా ఊపిరి తీస్తోంది. పీహెచ్ 7.26, కార్బన్ డయాక్సైడ్ పీడనం 23, బైకార్బనేట్ 10, సోడియం 138, క్లోరైడ్ 100, పొటాషియం 5.6.

పీహెచ్ 7.35 కంటే తక్కువ, కాబట్టి ఆమ్లం ఎక్కువైంది. బైకార్బనేట్ 24 ఉండాల్సింది 10కి పడింది, కాబట్టి మూలం మెటబాలిక్. సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బనేట్ తీసేస్తే 28 మిగిలింది. ఈ యానయాన్ గ్యాప్ మామూలుగా 8 నుంచి 12 ఉంటుంది, అంటే కొత్త ఆమ్లం ఏదో రక్తంలో చేరింది. ఇక్కడ అది కీటోన్లు. ఊపిరి తగినంత సర్దుబాటు చేస్తోందా? బైకార్బనేట్‌ను ఒకటిన్నరతో హెచ్చవేసి 8 కలిపితే 23, రెండు అటూ ఇటూ. వచ్చింది 23. ఊపిరితిత్తులు తమ పని సరిగ్గా చేస్తున్నాయి. పొటాషియం 5.6 చూసి ఒంట్లో ఎక్కువుందనుకోకూడదు. ఇన్సులిన్ లేక కణాల్లోంచి రక్తంలోకి వచ్చేసింది, మూత్రంలో చాలా పోయింది, నిజానికి ఒంట్లో కరువు. ఇన్సులిన్ ఎక్కించగానే అది కణాల్లోకి దూరి రక్తంలో పడిపోతుంది, ముందే చూసుకోకపోతే గుండె లయ తప్పుతుంది.

నాలుగు గంటల తర్వాత అదే అమ్మాయి మగతగా ఉంది. ఊపిరి నెమ్మదించింది. పీహెచ్ 7.08, బైకార్బనేట్ ఇంకా 10, కార్బన్ డయాక్సైడ్ పీడనం 35. ల్యాబ్ కాగితం మీద 35 పక్కన ఏ గుర్తూ ఉండదు, 35 నుంచి 45 నార్మల్ కదా. రేంజ్‌లు మాత్రమే బట్టీ పట్టినవాళ్లు ఆ అంకెను దాటుకుని వెళ్లిపోతారు. కానీ బైకార్బనేట్ 10 ఉన్నప్పుడు అది 23 దగ్గర ఉండాలి. 35 అయిందంటే ఊపిరి కండరాలు అలసిపోతున్నాయి, ఆమె ఇక తనంతట తాను ఆ ఆమ్లాన్ని బయటికి పంపలేదు. "తర్వాత ఏం చేస్తారు?" అన్న ప్రశ్నకు ఆప్షన్లలో ఇన్సులిన్ పెంచడం, సెలైన్ పెంచడం, పొటాషియం ఎక్కించడం, శ్వాసకు సాయం అందించడం ఉంటాయి. మొదటి మూడూ ఆమెకు అవసరమైనవే, కానీ ముందు చూడాల్సింది నాలుగోది.